యార్డు పొగ – షంటింగు ఇంజను
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కుటుంబములలో రైల్వే కొలువునకై ఈ ఊరు చేరినవి అనేకము. వ్యాపారులమైన మేమును యార్డున దిగు సరకును నమ్ముకొన్నవారమే. కావున యార్డును నిందించుటకు మేము లేవలేదు. అచ్చటి షంటింగు ఇంజను పొగను గూర్చి మాత్రము విన్నవింతుము.

ఆ ఇంజను నాలుగు వ్యాగనులను ఒక లైనునుండి మరియొక లైనునకు త్రోయును. పిమ్మట తరువాతి పనికై నిలిచియుండును. నిలిచినను పెద్ద డీజిలు యంత్రము ఆరదు. పూర్తి బలము కావలసినది కొలది నిమిషములే. అందులకై దినమెల్ల చమురు కాలును. గంటకొక బేరము వచ్చు అంగడిలో పదిమంది గుమాస్తాలను నిలిపినట్లున్నది!

నష్టము చమురుతో పోదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు వాయు సంరక్షణ మండలి రోజ్‌విల్ అను పెద్ద యార్డును పరిశీలించి 2004లో నివేదిక ప్రకటించినది. అచ్చటి ఇంజనులనుండి ఏటికి సుమారు 25 టన్నుల డీజిలు మసి వెలువడుచుండెననియు, అందు దాదాపు 45 శాతము ఊరక నిలిచిన ఇంజనులదేననియు తేలినది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను క్యాన్సరు కారకముగా నిర్ణయించినది. యార్డు గోడ నానుకొని కాపురమున్న మనకు ఇది దూరపు వార్త కాదు.

దీనికి కనుగొన్న ఉపాయము హైబ్రిడ్ ఇంజను. చిన్న డీజిలు జనరేటరు నెమ్మదిగా బ్యాటరీని నింపును. బరువు లాగునపుడు ఆ బ్యాటరీయే మోటారులకు బలమిచ్చును. కెనడాకు చెందిన రైల్‌పవర్ కంపెనీ ‘గ్రీన్ గోట్’ అను పేర ఇట్టివి చేసినది. 2000 అశ్వశక్తి ఇంజనునకు 290 అశ్వశక్తి జనరేటరే చాలినది! అయితే కొన్నింటి సీసపు బ్యాటరీలు అంటుకొనినవి. 2009లో కంపెనీయే దివాలా తీసినది. ఈ సంగతి దాచి అర్జీ పెట్టుట మాకు సమ్మతము కాదు. తరువాత జపానులో 2010లో తోషిబావారు లిథియం బ్యాటరీతో హెచ్.డి. 300 అను షంటింగు ఇంజనును నిర్మించిరి. బ్రేకు వేసినపుడు పుట్టు విద్యుత్తు సైతము బ్యాటరీకే చేరును. అది అచ్చటి సరకు రవాణా యార్డులలో నిలదొక్కుకొన్నది. మన దేశముననే 2020లో జబల్పూరున రైల్వేవారు డీజిలే లేక, పైతీగ విద్యుత్తుతోను బ్యాటరీతోను నడచు ‘నవదూత్’ను సిద్ధపరచిరి.

మొదటి వెల హెచ్చు. బ్యాటరీ మార్చు ఖర్చును లెక్కింపవలెను. కావున కొత్త ఇంజను రేపే రావలెనని కోరము. కేటాయింపు జరుగునపుడు మన యార్డును మరువవలదనియు, అంతవరకు పనిలేని ఇంజనును ఆర్పవలెననియు కోరుదము. ఈ రెండవదానికి విశేష వ్యయము లేదు.

అర్జీ ఒడియాలోను ఇంగ్లీషులోను వ్రాయించినాము. ఇది తెలుగువారి పేర మాత్రమే పోరాదు. ఇరుగుపొరుగు ఒడియా కుటుంబములను కూడ అడిగి సంతకములు తెండు. కాగితములు బల్లపై నున్నవి. గోడప్రక్క వీధులవారు ఇంటి నంబరు వ్రాయ మరువవలదు. సోమవారము ఉదయము మేము వానిని డివిజను కార్యాలయమునకు కొనిపోవుదుము.