తాండవకు ఎగువన చేప, దిగువన రొయ్య



నాతవరంలో చేపల మాటెత్తితే తాండవ జలాశయమే గుర్తొస్తుంది. అక్కడ మత్స్యశాఖదే పెత్తనం. అదే తాండవ నది కిందికి పారి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ, పెద్దపోటు నీరు చేరే హద్దు నుంచి రెండు కిలోమీటర్లలోపు ఉప్పునీటి చెరువు వేస్తే మాత్రం చెన్నైలోని తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీకి లెక్క చెప్పాల్సిందే.

ఆ అథారిటీ ఊరికే పుట్టలేదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కాసులు కురిపించింది. వరిచేలు చెరువులయ్యాయి, పక్కవాళ్ల బావినీళ్లు ఉప్పగిల్లాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ చెరువులకు చెరువుల్నే తుడిచిపెట్టింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు, సంప్రదాయ పద్ధతివి తప్ప, తొలగించాలని 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది. ఆ అథారిటీ కోసం పార్లమెంటు చట్టం చేసేసరికి 2005 వచ్చింది.

చట్టం ప్రకారం చెరువును రిజిస్టర్ చేయించాలి, ఆ రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు. దరఖాస్తును జిల్లా కమిటీ పరిశీలిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల వరకూ జైలు అని మొదట రాశారు. 2023 సవరణ జైలు తీసేసి జరిమానా ఉంచింది. మంచి పనే. రెండెకరాల రైతును లోపల వేస్తే ఏ కాలువ బాగుపడుతుంది? రొయ్యపిల్లలను పుట్టించే హేచరీలు, పంజరాల సాగు, ఆల్చిప్పలు, సముద్రపు నాచు కూడా ఆ సవరణతో స్పష్టంగా చట్టం కిందికొచ్చాయి.

ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా కనిపించే వనామి రొయ్యకు 2009లో అనుమతి దొరికింది. తల్లిరొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నై దిగి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంటాయి. రోగం లేదని తేలాకే హేచరీకి పంపుతారు. అక్కడ పుట్టిన పిల్లలు, వెంట్రుక ముక్కల్లా కదులుతూ, ఆక్సిజన్ నింపిన సంచుల్లో రైతు గట్టుకు చేరతాయి. ఆ సీడుకు వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో వదిలితే విమానం దిగినప్పటి నుంచీ పడ్డ జాగ్రత్తంతా గంగపాలే.

సాయమూ ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద యూనిట్ ఖర్చులో 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సబ్సిడీ ఇస్తారు. కిసాన్ క్రెడిట్ కార్డు చేపల రైతుకూ వర్తిస్తుంది. దేనికి వెళ్లినా ముందు అడిగేది చెరువు కాగితాలే.

నాతవరం పొలాల్లో మంచినీటి చెరువుకు ఈ తీర చట్టం వర్తించదు. అయితే రాష్ట్రం 2020లో ఆక్వా సాగుకు విడిగా ఓ అథారిటీ పెట్టింది, దాని నిబంధనలు వర్తిస్తాయి. అందుకని పొక్లెయిన్‌ను పిలవకముందే మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి.