కామొండో వారి గృహము



యూరపు ఖండమున యూదులు పడిన బాధలను గూర్చి మీరు చదివియే యుందురు. లక్షల లెక్కలు వినగా వినగా మనస్సు మొద్దువారును. కావున నేడు నేను ఒక్క కుటుంబమును గూర్చి, అది కట్టుకొనిన ఒక్క ఇంటిని గూర్చి మాత్రమే ముచ్చటించెదను.

కామొండో వారు ఇస్తాంబులు నగరమున వడ్డీ వ్యాపారము చేసి పెంపొందిన యూదులు. 1802లో వారు స్థాపించిన బ్యాంకు తురుష్క సుల్తానుల ప్రభుత్వమునకే అప్పులిచ్చునంతటిదయ్యెను. ఆ నగరమందలి గలాటా పేటలో కొండవాలున వారు కట్టించిన మెట్లు నేటికిని వారి పేరనే పిలువబడుచున్నవి. 1867లో ఇటలీ రాజు వారికి కౌంటు బిరుదమొసగెను. 1869లో వారు పారిస్ నగరమునకు తరలి వచ్చిరి. అప్పటికి తొమ్మిదేండ్ల బాలుడగు మోయిజ్ అను వాడే నా కథకు నాయకుడు.

ఫ్రాన్సునే ఏల కోరుకొనిరనగా, దానికి కారణము కలదు. యూరపు ఖండమున యూదులకు పౌరసత్వమును పూర్ణముగా నొసగిన మొదటి దేశమది. 1791లో విప్లవ ప్రభుత్వము ఆ శాసనము చేసెను. మీరు మాలో కలిసిపొండు, మేము మిమ్ము మావారుగా నెంచెదము అనుటయే దాని యాంతర్యము. ధనిక యూదులు ఆ మాటను నమ్మిరి. ఫ్రెంచి భాష, వేషము, ఆచారము నవలంబించిరి. ఫ్రెంచి కళావస్తువులను ప్రాణప్రదముగా కూర్చిరి.

అయిన నేమి? 1886లో ద్రుమో అను పత్రికా రచయిత యూదులను దూషించుచు రెండు సంపుటముల గ్రంథమును ప్రకటింపగా అది విరివిగా అమ్ముడువోయెను. యూదుల మేడలలోని అపురూప వస్తువులు పాతసామానుల కొట్టు వంటివని ఆతడు ఎగతాళి చేసెను. యూదుడు బీదవాడైనచో దేశమునకు భారము, ధనికుడైనచో దోపిడికాడు, ఫ్రెంచి వస్తువులను ప్రేమించినచో దేశపు సొత్తును కాజేయువాడు. ద్వేషించువానికి తర్కముతో పనిలేదు గదా! 1894లో డ్రైఫస్ అను యూద సేనాని చేయని రాజద్రోహమునకు శిక్షితుడయ్యెను. ఆతడు నిర్దోషియని న్యాయస్థానము తేల్చుటకు 1906 వరకు పట్టెను.

ఈ గాలివాన నడుమనే మోయిజు తన సంగ్రహమును పెంచుచుండెను. ఆతని పెదతండ్రి కొడుకు ఇజాక్ 1911లో మరణించుచు, మానే, మోనే, దెగా, సెజాన్ మొదలగు చిత్రకారుల పటములను లూవ్రు ప్రదర్శనశాలకు దానమిచ్చెను. మోయిజు మనసు మాత్రము పదునెనిమిదవ శతాబ్దముపై నుండెను. తల్లిదండ్రుల నాటి పాత భవనమును పడగొట్టించి, 1911 మొదలు 1914 వరకు, వెర్సాయిలోని రాణీగారి చిన్న మేడను పోలిన క్రొత్త గృహమును మొన్సో వీథిలో కట్టించెను. లోపలి సామగ్రి యంతయు ఫ్రెంచి రాజుల కాలపుదే. రష్యా రాణి కేథరిన్ తన ప్రియునికై చేయించిన వెండి పాత్రలలో కొన్ని అందు కలవు. ఒక చిన్న గదిలో సేవ్ర్ పింగాణి పళ్ళెములున్నవి. పళ్ళెమునకొక పక్షి బొమ్మ, అడుగున ఆ పక్షి పేరు. మోయిజు ఒంటరిగా నున్నప్పుడు ఆ పక్షుల నడుమనే భుజించెడివాడట. భార్య విడిపోయిన ఇంట ఆ పింగాణి పక్షులే ఆతనికి తోడు. నాకీ సంగతి ఆ మేడ వైభవమంతటికంటెను మిక్కిలిగా జ్ఞప్తియందుండును.

ఆతని కుమారుని పేరు నిస్సీము. అది తాతగారి పేరు. తాత పేరు మనుమనికి పెట్టుట మనకును క్రొత్తగాదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఆ యువకుడు ఫ్రాన్సు వైమానిక దళమున చేరి, 1917 సెప్టెంబరు 5వ తేదీన లొరేను ప్రాంతమున ఆకాశ యుద్ధమందు మడిసెను. వయసు ఇరువదియైదు. తండ్రి యటుపిమ్మట వ్యాపారము చాలించెను. 1924లో వ్రాసిన వీలునామాలో ఆ గృహమును, అందలి సర్వస్వమును కుమారుని పేర ఫ్రాన్సు దేశమునకు ధారపోసెను. ఒక్క నియమము మాత్రము: వస్తువులు తాను అమర్చినట్లే యుండవలెను. 1935లో ఆతడు మరణించెను. 1936 డిసెంబరులో ప్రదర్శనశాల తెరువబడెను.

మిగిలినది కుమార్తె బెయాత్రీసు. ఆమె భర్త లియోన్ రైనాకు కూడ దాతల వంశమువాడే. ఆతని తండ్రి సముద్రతీరమందలి తన మేడను 1928లో ఫ్రాన్సు విద్వత్సంస్థకు వదలెను. 1940లో జర్మనులు దేశము నాక్రమించిరి. అదే యేడు అక్టోబరులో విషీ ప్రభుత్వము, ఇది ఫ్రెంచివారి ప్రభుత్వమే సుమా, యూదులను ఉద్యోగముల నుండి తొలగించు శాసనము చేసెను. బెయాత్రీసు తల్లిని చిన్ననాడు రెన్వారు చిత్రించిన పటమును జర్మనులు ఎత్తుకొనిపోయిరి. లియోను తమ కుటుంబములు దేశమునకిచ్చిన దానములను పేర్కొనుచు దానిని తిరిగి ఇప్పింపుడని ప్రదర్శనశాలల యధికారికి విన్నవించుకొనెను. ఫలము లేకపోయెను. 1942లో బెయాత్రీసు క్రైస్తవ మతమును స్వీకరించెను. అదియును ఆమెను కాపాడలేదు. ఆ యేటి చివర భార్యాభర్తలు, కుమార్తె ఫాన్ని, కుమారుడు బెర్త్రాను బంధింపబడి పారిస్ చేరువనున్న ద్రాన్సీ శిబిరమునకు పంపబడిరి.

1943 నవంబరు 20వ తేదీన లియోను, బిడ్డలిద్దరు ఆష్విట్జునకు పోవు రైలున ఎక్కింపబడిరి. 1944 మార్చి 7వ తేదీన బెయాత్రీసును పంపిరి. ఫ్రాన్సు నుండి అట్లు పంపబడిన యూదులు దాదాపు 76,000 మంది. తిరిగి వచ్చినవారు రెండున్నర వేలకు మించి ఎంతయు లేరు.

వారు ఊరక నమ్మి మోసపోయిరని కొందరందురు. నేనట్లనను. తన ఇంటిని, కొడుకును ఇచ్చినవాడు ఇంతకు మించి ఏమి ఇయ్యగలడు? దానమును పుచ్చుకొనిన చేతిదే ఋణము. ఆ ఋణమును ఒప్పుకొనుటకు ఫ్రాన్సు చాల కాలము జంకెను. యూదుల బంధనములో తన రాజ్యము పాలు కలదని 1995లో షిరాక్ అధ్యక్షుడు బహిరంగముగా చెప్పువరకు ఆ మాట అధికారుల నోట రాలేదు.

బెయాత్రీసు 1945 జనవరి 4వ తేదీన ఆష్విట్జులో మరణించెను. ఇరువదిమూడు దినముల పిమ్మట రష్యా సైన్యము ఆ శిబిరమును విడిపించెను. మొన్సో వీథిలోని ఆ యింట పక్షుల పళ్ళెములు మోయిజు అమర్చినట్లే యున్నవి. ద్వారము చెంత ఒక శిలాఫలకము మీద ఆతని కుమార్తె, అల్లుడు, ఇద్దరు మనుమల పేర్లు చెక్కబడి యున్నవి. లోనికి పోవువారు దాని ముందుగానే నడచి పోవుదురు.