దారిచూపు కుక్కపిల్ల - ఇంటి పెంపకము

(పాఠశాలలో తలిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లవానిని బడిలో చేర్చి, "అయ్యా, ఇక వీని భారము మీదే" అని నమస్కరించి వెడలిపోవు పెద్దలను మేము ఏటేట చూచుచున్నాము. ఆ నమ్మకమునకు కృతజ్ఞులము. కాని ఆ మాటకు బదులుగా నేడు మీకొక కుక్కపిల్ల సంగతి చెప్పదలచితిమి. నవ్వకుడు. చూపులేని మనిషిని వీధి దాటించెడి కుక్కను తయారు చేయుటలో బడి వంతు ఎంత, ఇంటి వంతు ఎంత యని తెలిసికొన్నకొలది మాకే ఆశ్చర్యము కలిగినది.

మొదటి ప్రపంచ యుద్ధమున కన్నులు పోగొట్టుకొన్న సైనికుల కొఱకు 1916లో జర్మనీ దేశపు ఓల్డెన్‌బర్గు పట్టణమున ఇట్టి కుక్కల బడి వెలసినది. స్విట్జర్లాండులో నివసించుచుండిన డొరొతీ యూస్టిస్ అను అమెరికా వనిత, జర్మనీలో ఈ పనిని చూచి, 1927లో తన దేశపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. నాష్‌విల్ నగరమున మోరిస్ ఫ్రాంక్ అను అంధ యువకునకు తండ్రి దానిని చదివి వినిపించెను. ఆ యువకుడు ఆమెకు జాబు వ్రాసి, 1928లో స్విట్జర్లాండు పోయి, బడ్డీ అను ఆడకుక్కతో తిరిగివచ్చి, పత్రికల వారు చూచుచుండగా న్యూయార్కులో బండ్ల రద్దీ నడుమ వీధి దాటెను. 1929లో ఆరంభమైన వారి సంస్థ పేరు 'సీయింగ్ ఐ', అనగా చూచెడి కన్ను. అది నేడు న్యూజెర్సీ రాష్ట్రమున మోరిస్‌టౌన్‌లో ఉన్నది. అక్కడ అంధుడు తన మొదటి కుక్కకు 150 డాలర్లు చెల్లించును. అగు ఖర్చులో అది స్వల్పమే. అయినను ఊరక పుచ్చుకొంటిననెడి చిన్నతనము అతనికి ఉండరాదని ఆ యేర్పాటు. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

ఇక అసలు సంగతి. ఆ సంస్థలో పుట్టిన పిల్ల, పుట్టిన ఏడెనిమిది వారములకే బడికి పోదు, ఒక గృహస్థు ఇంటికి పోవును. 1942 నుండి న్యూజెర్సీలో 'ఫోర్-హెచ్' అను బాలబాలికల సంఘమువారు ఈ పెంపకము చేపట్టిరి. సుమారు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు కొన్ని నెలలు మించి, ఆ పిల్ల వారి ఇంటనే పెరుగును.

ఆ యింటివారు దానికి దారిచూపుట నేర్పరు. అది వారి పని కాదు. పేరు పిలువగానే వచ్చుట, కూర్చుండుమనిన కూర్చుండుట, ఇల్లు మైల చేయకుండుట, వచ్చినవారి మీదికి ఎగురకుండుట, పిల్లి కనబడిన పరుగెత్తకుండుట - ఇవియే వారి పాఠములు. భోజనపు బల్లకడ చేయి చాపినట్లు మొగము చాపరాదు. ఇది చిన్న నియమమువలె తోచును గాని, రేపు యజమానితో హోటలులో బల్ల క్రింద గంటసేపు కదలక పడియుండవలసిన కుక్క అది. మన యిండ్లలోనైతే అమ్మమ్మగారు ఎవరును చూడకుండ ఒక ఇడ్లీ ముక్క విసరుదురు, ఏడాది శ్రమ ఆ ముక్కతో పోవును! తరువాత దానిని ఊరంతయు త్రిప్పవలెను. అంగళ్లు, మెట్లు, రైలు స్టేషను, హఠాత్తుగా తెరచిన గొడుగు, మన బస్టాండువంటి హారనుల మోత - అన్నియు దానికి చిన్ననాటనే పరిచయము కావలెను. చిన్ననాట ఎరుగని సందడికి పెద్దయిన పిదప బెదరు కుక్కను దిద్దుట కడు కష్టము. మేము అక్షరములు దిద్దింపగలము. వీధిలో వేరొక భాష వినబడు ఈ ఊర, ఇంటిలో తెలుగు మాట వినబడనిచో మా దిద్దుబాటు మాత్రము ఎన్నాళ్లు నిలుచును?

పిమ్మట కుక్క బడికి చేరును. అక్కడ సుమారు నాలుగు నెలలు. వీపునకు తోలుపట్టీ కట్టి, వీధి అంచున ఆగుట, మెట్టు వచ్చిన నిలుచుట నేర్పుదురు. వంగిన చెట్టుకొమ్మ క్రింద కుక్క సులువుగా దూరిపోగలదు, కాని ప్రక్కనున్న మనిషి నుదుట తగులును. తనకు అడ్డు కానిదానిని కూడ అడ్డుగా ఎంచి ప్రక్కకు తొలగుట నేర్పవలెను. కుక్క ఎఱ్ఱ దీపము, పచ్చ దీపము చూచి దారి చెప్పునని కొందరు అనుకొందురు. అది నిజము కాదు, ఆ రంగుల భేదము దానికి సరిగా తెలియదు. పోవలసిన దారి యజమాని మనస్సులో ఉండును. బండ్ల చప్పుడు విని "ముందుకు" అని ఆజ్ఞ యిచ్చువాడు అతడే. అప్పుడు ఒక బండి దూసికొని వచ్చిన, కుక్క ఆ ఆజ్ఞను పాటింపదు, కదలక నిలుచును. ఎన్నో ఏండ్లుగా పిల్లలకు "చెప్పినట్టు వినుడు" అని చెప్పుచున్న మాకు ఈ పాఠము కొంత మింగుడుపడలేదు. అయినను ఆలోచింపగా, ముందు వినుట బాగుగా నేర్చినదానికే వినకూడని వేళ తెలియుచున్నది.

అన్ని కుక్కలును ఇందులో కృతార్థములు కావు. ఆరోగ్యము చేతనో స్వభావము చేతనో తప్పిపోవునవి కలవు. అట్టివి వేరొక పనికి పోవును, లేదా పెంచినవారే వానిని మరల తీసికొనవచ్చును. అందులో అవమానమేమియు లేదని అక్కడివారి భావము. మన ఊళ్లలో పరీక్ష తప్పిన పిల్లవానికి ఈ మాత్రపు మర్యాద దొరకుచున్నదా?

పెంచిన పిల్లవాడు ఆ కుక్కను ఒకనాడు అప్పగింపవలెను. మొదటి దినముననే ఆ సంగతి వానికి తెలియును, తెలిసియే రాత్రులు లేచి దానిని బయటికి తీసికొనిపోయి, వానలో త్రిప్పి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని పెంచును. ఏడ్పు రాదని కాదు. శిక్షణ ముగియబోవునప్పుడు ఆ కుటుంబమును మోరిస్‌టౌన్‌కు పిలుతురు. శిక్షకుని తోడ కుక్క వీధులలో నడచుచుండగా వారు దూరమున నిలిచి చూడవచ్చును. దగ్గరకు పోరాదు, పిలువరాదు. పిలిచిన అది తల త్రిప్పును, పని మరచును. ఏడాది పొడవున ఆ పేరు పిలిచి పిలిచి రాబట్టిన పిల్లవాడు, ఆనాడు వీధికి ఆవల నోరు మెదపక నిలిచియుండును. ఇంటికి మరలిన పిదప చాల కుటుంబములు ఇంకొక పిల్లను అడిగి తెచ్చుకొందురట.