డాబా పాతబడిందా, దెబ్బతిందా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక, గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో చాలామంది డాబా ఎక్కి చూసుకునే ఉంటారు. నల్లటి మరకలు, పాచి, వెంట్రుకవాసి పగుళ్ళు కనబడితే కంగారుపడకండి. ఎండకూ వానకూ పైపూత అలా మారడం సహజం. పెంకు రంగు తగ్గినా అంతే.

అసలు చూడాల్సింది ఇంట్లో నిలబడి పైకి. పెచ్చు ఊడి ఇనుప చువ్వ కనబడుతోందా? చువ్వ వెంబడే తిన్నగా పగులు సాగిందా? పక్కన తుప్పురంగు చార దిగిందా? నీరు తగిలిన చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. సున్నం వేస్తే మరక దాగుతుందే గాని తుప్పు ఆగదు. చీరాల వైపు ఉప్పుగాలికి ఇది మరీ తొందరగా వస్తుంది.

మన నల్లరేగడి నేలమీద కట్టిన ఇళ్ళ సంగతి వేరు. ఆ నేల వానకు ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలు బారుతుంది. పునాది కదిలితే కిటికీ మూలనుంచి గోడమీద ఏటవాలుగా పగులు లేస్తుంది. అప్పుడు కప్పుకు ఎన్ని పూతలు పూయించినా డబ్బు దండగే. పగులుకు అడ్డంగా సిమెంటు ముద్ద పెట్టి, తేదీ రాయండి. వానాకాలం పోయాక ముద్ద చీలితే పగులు ఇంకా కదులుతున్నట్టే; ఇంజనీరును పిలవండి.

మిరపకాయలు ఆరబోసే డాబా అయితే తూములో తొడిమలు ఇరుక్కుంటాయి. జూన్ రాకముందే తీయించండి. పెచ్చులూడే చోట కింద మాత్రం పిల్లల మంచం వేయకండి.