సిరా తిన్న దస్తావేజు



మీ యింటి పాతపెట్టెలోని దస్తావేజు నొకపరి విప్పి చూడుడు. పురుగు కొట్టిన కాగితమున చిల్లు ఎక్కడనైనను పడును. అక్షరముల వెంబడినే చిల్లు పడెనేని, దానిని తిన్నది సిరాయే. తాళపత్రములకు మసి పూసిన పూర్వులకు ఈ బాధ లేదు. మసి కేవలము కర్బనము. అది పత్రమును తినదు.

కరక్కాయ కషాయమున అన్నభేది కలిపినచో నల్లబడును గదా! అన్నభేదిలోని ఇనుము కాయలోని వగరుతో కూడి, గాలి సోకగా నలుపెక్కును. అందు ఒక్కొక్క ఇనుప పరమాణువు పలు వగరు అణువులను పట్టుకొనును. ఆ అణువులు మరల వేఱు ఇనుమును పట్టుకొనును. ఇట్లు వలవలె అల్లుకొన్నదానిని లోహము గల పాలిమరు అందురు. ఆ కలయికలో గంధకామ్లము మిగులును. అన్నభేది ఎక్కువైనచో వలలో చేరని ఇనుమును మిగులును. కాగితపు నారను తెంచునవి ఈ రెండే.

కంటి కగపడని ఈ అల్లిక తెలియుటెట్లు? విశాఖపట్టణమున బాల్యమున చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామన్ గారు 1928 ఫిబ్రవరి 28వ తేదీని కలకత్తాలో ఇందుకు దారి చూపిరి. విజయనగరము నాడు ఆ విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఒకే వన్నె గల వెలుగును వస్తువుపై ప్రసరింపజేసినచో, చెదరిన వెలుగులో అత్యల్పభాగము వన్నె మారి వచ్చును. ఆ మార్పు పరమాణువుల నడిమి బంధములు కంపించు తీరును తెలుపును. సూరి భగవంతముగారు 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరి ఈ శోధనను మన సీమలో పెంపొందించిరి.

వీణ మీకు తెలిసినదే. దళసరి తీగ మంద్రమున పలుకును, సన్నతీగ తారమున పలుకును. సిరాయు నట్లే. బరువైన ఇనుమునకును ఆమ్లజనికిని నడుమనున్న బంధము వర్ణపటమున సుమారు 500 మొదలు 650 వఱకు గల అంకెలలో పలుకును. వగరు అణువుల బంధములు 1300 మొదలు 1500 వఱకు గల అంకెలలో పలుకును. ఈ రెండును కలసి కానవచ్చినచో అది ఇనుపసిరా. మసియైనచో 1350, 1580 ప్రాంతముల రెండు వెడల్పు గుర్తులు మాత్రమే కానవచ్చును. ఇందుకు కాగితమును కోయ నక్కఱలేదు. మందమైన లేజరు వెలుగు చాలును. వెలుగు మితిమీరినచో సిరా మాడును గనుక జాగ్రత్త వలయును.

సిరా యేదో తెలియువఱకు అట్టి కాగితమును తడుపకుడు, జిగురుతో అతుకకుడు. తడి తగిలినచో ఆమ్లమును ఇనుమును ప్రక్కలకు ప్రాకును. పొడిచోట, మడతపెట్టక, తెల్లకాగితముల నడుమ నుంచి నకలు తీయించుడు. తాతలు సంపాదించిన భూమికి సాక్ష్యము చెప్పునది ఆ కాగితమే.