మిద్దెమీది సౌరవిద్యుత్తుకు ఎంత ఇన్వర్టర్ కావాలి?

వేలూరులోనూ గుడియాత్తంలోనూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఇటీవల తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "మిద్దెమీద సోలార్ పెట్టించుకోవాలని ఉన్నది, ఎంత ఇన్వర్టర్ తీసుకోవాలి?" ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక లక్షన్నర రూపాయలకు అటూ ఇటూగా ఉండే ఖర్చున్నది, ప్రభుత్వ రాయితీ ఉన్నది, ఏళ్ల తరబడి కట్టవలసిన కరెంటు బిల్లు ఉన్నది. నేను ఇంజనీరును కాను. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వెలువడే పౌర ప్రకటనలను తెలుగులోకి తేవడం నా వృత్తి. ఆ ప్రకటనలను చదివినప్పుడు నాకు బోధపడినది ఏమిటంటే, ఈ విషయంలో సగం చిక్కు యంత్రంలో లేదు, మాటలోనే ఉన్నది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ అనగానే గుర్తుకు వచ్చేది మెట్లకింద బ్యాటరీతో ఉండే పెట్టె. కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు నడపడం దాని పని. సౌర ప్యానెళ్లతో వచ్చే ఇన్వర్టర్ అది కాదు. ప్యానెళ్లు ఏకముఖ విద్యుత్తును, అనగా డి.సి.ని ఇస్తాయి. మన ఇంటి తీగలలో ప్రవహించేది ఏకాంతర విద్యుత్తు, అనగా ఎ.సి. మొదటిదానిని రెండవదిగా మార్చి, వీధి స్తంభం నుండి వచ్చే కరెంటుతో కలపడమే సోలార్ ఇన్వర్టర్ చేసే పని. సాధారణంగా దీనికి బ్యాటరీ ఉండదు. ఇంట్లో వాడగా మిగిలినది వీధి లైనులోకి పోతుంది. చాలనప్పుడు తక్కువైనది లైను నుండే వస్తుంది. ఈ రాకపోకలను నెట్ మీటరు లెక్క కడుతుంది.

ఈ భేదం తెలిస్తే జవాబు సగం దొరికినట్లే. బ్యాటరీ ఇన్వర్టర్ పరిమాణాన్ని ఇంట్లోని వస్తువులు నిర్ణయిస్తాయి. లైనుతో కలిపే సోలార్ ఇన్వర్టర్ పరిమాణాన్ని మిద్దెమీది ప్యానెళ్లు నిర్ణయిస్తాయి. "మా ఇంట్లో ఏసీ, గ్రైండరు, మోటారు ఒకేసారి వేస్తే 5 కిలోవాట్లు అవుతుంది, కనుక 5 కిలోవాట్ల ఇన్వర్టరే కావాలి" అనే లెక్క ఈ రెండవ రకానికి వర్తించదు. 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 5 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలించినంత మాత్రాన ఎండ అదనంగా కాయదు కదా!

కావున మొదట నిర్ణయించవలసినది ప్యానెళ్ల సామర్థ్యం. అందుకు కరెంటు బిల్లు చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చిత్తూరులోనో పలమనేరులోనో ఉన్న మన బంధువులకు బిల్లు నెలనెలా వస్తుంది. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకొకసారి లెక్క తీసే పద్ధతి చిరకాలంగా ఉన్నది. అక్కడి బావగారు "మాకు 250 యూనిట్లకు 2 కిలోవాట్లు పెట్టారు" అంటే, ఇక్కడి బిల్లులోని 250ని దానితో పోల్చరాదు. మన బిల్లులోని యూనిట్లను అరవైతో భాగించండి, రోజుకు ఎంతో తెలుస్తుంది. ఒక కిలోవాటు ప్యానెళ్లు మన ప్రాంతంలో సంవత్సరం మొత్తంమీద సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. రెండు నెలలకు 480 యూనిట్లు వాడే ఇంటికి రోజుకు 8 యూనిట్లు. అంటే 2 కిలోవాట్ల ప్యానెళ్లు సరిపోతాయి. ఒక్క బిల్లును కాక, ఏడాదిలోని ఆరు బిల్లులనూ కలిపి సగటు తీయడం మంచిది. చిత్తిరై ఎండల్లో ఏసీ తిరిగిన బిల్లు వేరు, కార్తిక మాసపు వానల్లో వచ్చిన బిల్లు వేరు. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని స్థలం కావాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నీళ్ల ట్యాంకు నీడ, పక్క మిద్దె నీడ మధ్యాహ్నం మూడింటికి ఎంతవరకు వస్తుందో స్వయంగా మిద్దె ఎక్కి చూడండి.

ఇక ఇన్వర్టర్ విషయం. ప్యానెల్ వెనుక అంటించిన కాగితంపై 540 వాట్లు అని ఉంటుంది. ఆ అంకె ప్రయోగశాలలో, ప్యానెల్‌లోని సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచినది. వేలూరు ఎండ సంగతి మనకు చెప్పనక్కరలేదు. మే నెలలో గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ప్యానెల్ లోపలి వేడి 65 డిగ్రీలకు చేరుతుంది. వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్దీ సాధారణ రకపు ప్యానెల్ శక్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. 40 డిగ్రీల తేడాకు 14 శాతం పోతుంది. ఆపై దుమ్ము, తీగలలో నష్టం కలుస్తాయి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే కాగితంమీద 3.24 కిలోవాట్లు, ఎండాకాలపు నడిమధ్యాహ్నం నిజంగా వచ్చేది 2.6 కిలోవాట్ల ప్రాంతంలోనే. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్న మన ఊహలో వెలుతురు, వేడి కలిసిపోయి ఉన్నాయి. ప్యానెల్‌కు కావలసినది వెలుతురు. వేడి దానికి ప్రతికూలం.

అందువలన ఆ ఆరు ప్యానెళ్లకు 3 కిలోవాట్ల ఇన్వర్టర్ చక్కగా సరిపోతుంది. ప్యానెళ్ల అంకె ఇన్వర్టర్ అంకె కన్న పది, ఇరవై శాతం ఎక్కువ ఉండడం లోపం కాదు, వాడుకలో ఉన్న పద్ధతే. వాన వెలిసిన చల్లని పగటివేళ ప్యానెళ్లు ఎప్పుడైనా ఎక్కువ ఇస్తే, ఇన్వర్టర్ తన పరిమితి వరకే తీసుకొని మిగిలినది వదలివేస్తుంది. సంవత్సరం మొత్తంమీద ఆ నష్టం స్వల్పం.

అయితే ఇన్వర్టర్‌ను మరీ తగ్గించరాదు. దీనికి కారణం యంత్రం కన్న రాయితీలో ఎక్కువగా ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకం క్రింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు రాయితీగా లభిస్తాయి. 3 కిలోవాట్లకు 78,000. అంతకు మించి ఎంత పెట్టినా అంతే. తమిళ ప్రకటనలలో దీనిని 'మానియం' అంటారు. మనకు మాన్యమంటే భూమి గుర్తుకు వస్తుంది. అక్కడ దాని అర్థం రాయితీ. ఈ రాయితీని ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువో దానిని బట్టి లెక్క కడతారు. ఆరు ప్యానెళ్లకు 2.5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెడితే లెక్కకు వచ్చేది 2.5 మాత్రమే, రాయితీ 69,000. ఇన్వర్టర్ ధరలో మిగిలిందనుకున్న కొద్ది డబ్బుకు 9,000 రూపాయలు వదులుకున్నట్లవుతుంది. అలాగే 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టి "ఇది 5 కిలోవాట్ల సిస్టమ్" అని ఎవరైనా అమ్మజూపితే, మీకు వచ్చేది 3 కిలోవాట్ల విద్యుత్తే, 3 కిలోవాట్ల రాయితీయే. ఒకటి రెండేళ్లలో తప్పక మరికొన్ని ప్యానెళ్లు చేర్చదలచినవారు పెద్ద ఇన్వర్టర్ గురించి ఆలోచించవచ్చు. తక్కినవారికి అది అనవసర వ్యయం. ఈ రాయితీ సొంత ఇంటికి, ఇంటి కనెక్షన్‌కు మాత్రమే. వేరే కనెక్షన్‌పై మరమగ్గమో దుకాణమో నడుపుకొనే గుడియాత్తం వారు ఆ యూనిట్లను ఈ లెక్కలో కలపరాదు. ప్యానెళ్లు కూడా దేశంలోనే తయారైన సెల్స్‌తో, దేశంలోనే చేసినవై ఉండాలి.

కిలోవాట్లతో పాటు మరో అంకెను కూడా చూడాలి. ఇప్పటి 540, 550 వాట్ల ప్యానెళ్లు సుమారు 13, 14 ఆంపియర్ల కరెంటు ఇస్తాయి. పాత నమూనా ఇన్వర్టర్లలో కొన్ని అంత తీసుకోలేవు. కిలోవాట్లు సరిపోయినా ఆంపియర్లు సరిపోకపోతే కరెంటు వృథా అవుతుంది. ప్యానెల్ వివరాల కాగితాన్ని, ఇన్వర్టర్ వివరాల కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూపించమని అడగడం మీ హక్కు.

ఇప్పుడు చాలామందికి నిరాశ కలిగించే మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. వీధిలో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నమైనా సరే, ఈ సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, ప్రాణరక్షణ. సరఫరా ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మిద్దె నుండి పారే కరెంటు తగలకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. కరెంటు కోతలో కూడా ఇల్లు నడవాలంటే బ్యాటరీ కావాలి: పాత పెట్టెను అలాగే ఉంచుకోవడం ఒక దారి, రెండు పనులూ చేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కొనడం మరొక దారి. రెండవది ఖరీదైనది.

బ్యాటరీ విషయానికి వచ్చినప్పుడు ఇంట్లోని వస్తువుల లెక్క అక్కరకు వస్తుంది. అద్దె ఇళ్లలో ఉండేవారికి మిద్దె తమది కాదు కనుక వారికి ఉపయోగపడేది ఈ లెక్కే. ఇల్లు మారినప్పుడు ఆ పెట్టెను వెంట తీసుకుపోవచ్చు. మూడు ఫ్యాన్లు 225 వాట్లు, అయిదు ఎల్.ఇ.డి. దీపాలు 50, టీవీ 80; మొత్తం 355 వాట్లు. పెట్టెమీద వ్రాసినది వాట్లు కాదు, వి.ఎ.; అందులో ఎనిమిది పదవ వంతులే వాట్లుగా భావించండి. 900 వి.ఎ. పెట్టె సుమారు 700 వాట్లు మోస్తుంది, కనుక అది చాలు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ అవర్లు; అందులో వెయ్యి, వెయ్యిన్నొక వంద వరకే వాడుకోవడం శ్రేయస్కరం. పైలెక్కన అది మూడు గంటలు వస్తుంది. 35 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు బిగిస్తే అదే బ్యాటరీ నాలుగు గంటలు దాటుతుంది. నీళ్ల మోటారును మాత్రం దీనికి తగిలించరాదు. బయలుదేరే క్షణంలో అది తన మామూలు బలానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

ఇన్వర్టర్‌ను ఎక్కడ బిగిస్తారన్నది కూడా పరిమాణానికి సంబంధించినదే. వేడెక్కిన ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటుంది. పడమటి ఎండ కొట్టే గోడకు బిగించిన 3 కిలోవాట్ల యంత్రం సాయంత్రానికి 3 కిలోవాట్ల యంత్రంగా ఉండదు. నీడ, గాలి ఉన్న గోడ చూపండి.

చివరిగా ఒక విన్నపం. కొటేషన్‌పై సంతకం చేయడానికి ముందు నాలుగు అంకెలు వేర్వేరుగా వ్రాయించుకోండి: ప్యానెళ్ల మొత్తం వాట్లు, ఇన్వర్టర్ కిలోవాట్లు, ఇన్వర్టర్ తీసుకోగల ఆంపియర్లు, రాయితీకి లెక్కించే కిలోవాట్లు. "3 కిలోవాట్ల సోలార్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. కాగితం తమిళంలో ఉన్నదన్న మొహమాటంతో చదవకుండా సంతకం చేయవద్దు. అంకెలు ఏ భాషలోనైనా ఒకటే. అవి తెలుసుకొని అడిగేవారికి అమ్మేవారు కూడా జాగ్రత్తగా జవాబు చెబుతారు.