గ్లాడ్‌స్టన్ గారి యింటి సొమ్ము

గ్లాడ్‌స్టన్ అను నామము మన పఠనమందిరములకు క్రొత్తది కాదు. నాలుగు పర్యాయములు ఆంగ్లేయ ప్రధానమంత్రియై, ఐర్లండునకు స్వపరిపాలన మీయవలెనని వాదించి, 1880లో రిప్పన్ ప్రభువును మన దేశమునకు రాజప్రతినిధిగా బంపిన మహాశయుడాయన. దేశభాషా పత్రికల నోరుగట్టిన చట్టము రిప్పన్ ప్రభువు కాలముననే తొలగెను గనుక పత్రికలవారమగు మేము కృతజ్ఞులమే. అయినను ఆ యింటి భాగ్య మెచ్చటినుండి వచ్చెనో నేడు విచారింపదలచితిమి.

ఆయన తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్ 1764లో స్కాట్లండునందలి లీతు పట్టణమున జన్మించి, లివర్‌పూలు జేరి ధాన్యవర్తకమున బైకివచ్చెను. తూర్పు ఇండియా కంపెనీవారి గుత్తవర్తకము 1813లో సడలగానే కలకత్తాకు నోడ నంపినవారిలో నాతడొకడు. కాని యాతని ధనము విశేషముగా బండినది దక్షిణ అమెరికా తీరమందలి డెమరారా చెఱకుతోటలలో. ఆ తోటల నాతడెన్నడును కన్నులార జూడలేదు; లెక్కపుస్తకములలోనే చూచెను.

1823 ఆగష్టు 18వ తేదీన, 'సక్సెస్' అను నాతని తోటలోనే బానిసల తిరుగుబాటు పుట్టెను. ఆ మాటకు విజయమని యర్థమట! ఇంగ్లండులో తమకు స్వేచ్ఛ యొసగిరనియు, దొరలు దానిని దాచిరనియు బానిసలు నమ్మిరి. పదివేలమంది కదలిరి. నాయకులు క్వామినా యను వడ్రంగియు, నతని కుమారుడు జాకును. జాకునకు యజమాని యింటిపేరే యుండెను: జాక్ గ్లాడ్‌స్టన్. మనలో ఇంటిపేరు వంశమును దెల్పును. అచ్చట సొంతదారును దెల్పెడిది. క్వామినాను కాల్చి, శవమును సంకెళ్లతో నా తోట యెదుటనే వ్రేలాడగట్టిరి. వారికి మతబోధ చేసిన స్మిత్ అను పాదిరి మరణశిక్షకు గురియై 1824లో చెఱయందే చనిపోయెను.

1833లో పార్లమెంటువారు బానిసత్వమును రద్దుచేసి రెండుకోట్ల పౌనుల పరిహారము ప్రకటించిరి. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు! జాన్ గ్లాడ్‌స్టనునకు 2,508 మంది బానిసలకుగాను 1,06,769 పౌనులు ముట్టెను. విడుదలయైనవారికి గవ్వయైన దక్కలేదు; పైగా 1838 వఱకు 'అప్రెంటిసు'లను పేర నా తోటలలోనే వెట్టి. ఆ 1833లోనే యువకుడైన విలియము సభలో లేచి తండ్రి తోటల పక్షమున వాదించెను. ఆ యువకుని రాజకీయ జీవనమునకు మొదట నండయైనది తండ్రి సొమ్మే.

ఇక మనకు దగ్గఱి సంగతి. బానిసలు పోగా చెఱకు నఱకు చేతులు కావలెను. జాన్ గ్లాడ్‌స్టన్ 1836 జనవరిలో కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీకి కూలీలను బంపుడని జాబు వ్రాసెను. తాము పోవు చోటెక్కడో, ప్రయాణ మెన్నాళ్లో ఆ జనులకు దెలియదని కంపెనీవారు ప్రత్యుత్తరమిచ్చిరి. దీనిని వారు లోపముగా జెప్పలేదు, సౌకర్యముగా జెప్పిరి! 1838 మే 5న విట్బీ, హెస్పెరస్ అను నోడలు 396 మందిని డెమరారాలో దింపినవి. నీగ్రోలకు పూర్ణస్వేచ్ఛ వచ్చినది ఆగష్టు 1న. మూడునెలలైన నా స్థలములు ఖాళీగా నుండలేదు. మఱుసటి సంవత్సరము జరిగిన విచారణలో, గ్లాడ్‌స్టనుదగు వ్రీడెన్‌హూప్ తోటలో కూలీలను కొరడాలతో గొట్టిన సంగతి బయల్పడెను. కొంతకాలము వలస నాపిరి. పిదప 1845లో దానిని మరల దెఱచిరి. అప్పుడు చెన్నపట్టణపు రేవునుండియు నోడలు సాగెను. వానిలో అరవవారితోపాటు మన తెలుగువారును గలరు. 1917లో ఆ పద్ధతి యాగువఱకు ఆ దేశము జేరిన భారతీయులు సుమారు 2,39,000 మంది.

జాన్ గ్లాడ్‌స్టన్ మాత్రము స్కాట్లండులో ఫాస్క్ ఎస్టేటు గొని, 1846లో బారొనెట్ బిరుదము నంది, 1851లో గన్నుమూసెను. ఎస్టేటు జ్యేష్ఠపుత్రునకు సంక్రమించెను.

2023 ఆగష్టులో ఆ వంశమువారు కొందఱు జార్జిటౌనుకు బోయి, గయానా విశ్వవిద్యాలయమున బహిరంగముగా క్షమాపణ జెప్పుకొనిరి. బానిసలను గూర్చియే గాక, కూలీలను గూర్చియు జెప్పిరి. అంతకు ముందే ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ మాత్రము చాలదు, పరిహారము కావలెనని ప్రకటించియుండెను. ఆయన పూర్వులును భారతదేశమునుండి యోడనెక్కినవారే.